పీపాలో నానిన సాలీ రెమ్మలు

నేను ఈ వీధికి కోడలిగా వచ్చిన రెండో రోజునే పెరటి గోడ మీదుగా పక్కింట్లోకి తొంగి చూశాను. అందులో తప్పేముంది? గోడకి అవతల ఏముందో తెలియకుండా ఇవతల కాపురం ఎలా చేస్తారు ఎవరైనా?

అవతల హ్యానీ ఫెన్నెసీ చేతులు మోచేతుల దాకా ఒక పాత చెక్క పీపాలో ముంచి ఉంది. నల్లబడిన నీళ్లలోంచి సాలీ రెమ్మల కట్ట ఒకటి పైకి లాగి, వాసన చూసి, పక్కన పడేసింది. ఎండిన కొత్త కట్ట లోపలికి దించి, అది తేలకుండా పైన ఒక బల్లపరుపు రాయి పెట్టింది.

మా ఊళ్లో ఇది వింత కాదు. సూర్ నది ఒడ్డు పొడవునా సాలీ తోటలే, తడి నేలలో పెరిగే సన్నటి విల్లో చెట్లు. చలికాలంలో రెమ్మలు కోసి ఎండబెడతారు, అల్లే ముందు వారం పది రోజులు నానేస్తారు. నానకపోతే రెమ్మ వంగదు, ఎక్కువ నానితే కుళ్లుతుంది. బుట్టలల్లే ప్రతి ఇంటి వెనకా ఒక పీపా ఉంటుంది. వింత ఏమిటంటే, హ్యానీ ఇంట్లో బుట్టలల్లేవాళ్లు ఎవరూ లేరు. భర్త ఎప్పుడో పోయాడు. మిగిలింది ఆమె, తోళ్ల కార్ఖానాలో పనికి పోయే కూతురు డీలియా.

"ఎవరి కోసమండీ ఆ రెమ్మలు?" అన్నాను.

"మా మాలకీకి. వాడొచ్చేసరికి నాని ఉండాలి కదా. వాడికి ఓపిక తక్కువ."

"ఎప్పుడొస్తాడు?"

"వచ్చినప్పుడు" అని లోపలికి వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర మా అత్తగారిని అడిగాను. ఆవిడ బంగాళాదుంప పొట్టు తీస్తూ తల ఎత్తకుండా చెప్పింది. "వాడు యుద్ధంలో చచ్చి తొమ్మిదేళ్లయింది. ఇంకోసారి ఆ గోడ దగ్గర ఆ పేరు ఎత్తావంటే నిన్ను మీ పుట్టింటికి నేనే దింపుతాను."

ఆ గోడ దగ్గర మళ్లీ ఎత్తలేదు. మిగతా అన్నిచోట్లా అడిగాను. ముప్ఫై ఎనిమిదేళ్లు అడిగాను.

నేను కళ్లతో చూడని మనిషి గురించి నాకు తెలిసింది ఇలా ముక్కలు ముక్కలుగా కూడినదే. మాలకీ తండ్రి మైక్ పడవలు లాగే గుర్రాలు తోలేవాడు. సరుకు పడవకి తాడు కట్టి, గట్టు మీద గుర్రాలు నడిపిస్తూ క్లోన్‌మెల్ దాకా ఎగువకి లాగడం, మళ్లీ దిగువకి రావడం. మాలకీ నడక నేర్చింది ఆ గట్టు మీదే అంటారు. వాడికి ఎనిమిదేళ్లప్పుడు మైక్ ఒక చలికాలం తడిసి వచ్చి, దగ్గుతూ దగ్గుతూ ఫిబ్రవరిలో పోయాడు. పన్నెండో ఏట వాడిని పాడ్ క్వర్క్ దగ్గర బుట్టల పనిలో పెట్టారు. పాడ్ మంచి పనివాడు, చెడ్డ నోరు. కుర్రాడి చేతులు చూసి, "ఇవి చేతులా, వెన్నముద్దలా?" అన్నాడట. ఏడాది తిరిగేసరికి ఆ వేళ్లు ఎలా గట్టిపడ్డాయంటే, పొయ్యి మీది కెటిల్‌ని గుడ్డ లేకుండా దించేవాడని డీలియా చెప్పేది.

వాడు చేసినవాటిలో ఒకటే మిగిలింది. ఉడికిన బంగాళాదుంపలు వంచుకునే పళ్లెం లాంటి బుట్ట. హ్యానీ వంటింట్లో మేకుకి వేలాడుతూ ఉండేది. తెల్లగా తోలు తీసిన రెమ్మలతో అల్లినది. అడుగున మాత్రం ఒక్క పుల్ల నల్లది, తోలు తీయనిది. ప్రతి బుట్టకీ అలాగే చేసేవాడట. పాడ్ నెత్తిన మొట్టి, మరిచిపోయావేంరా అంటే, "మరిచిపోలేదు, అది నేను" అనేవాడట.

పందొమ్మిది వందల పదహారు ఫిబ్రవరిలో, ఒక మంగళవారం పొద్దున, పాడ్ కొట్టుకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి మాలకీ క్లోన్‌మెల్ బారకాసులకి వెళ్లి సైన్యంలో చేరిపోయాడు. అప్పటికి వాడికి పదహారేళ్ల నాలుగు నెలలు. మరుసటి ఏడు ఆగస్టులో బెల్జియంలో పోయాడు.

పోయాడని కాగితం వచ్చింది. దాని వెనక కొన్నాళ్లకి చిన్న పొట్లం వచ్చింది. అందులో ఒక జపమాల, పైపు కాల్చేవాడు కాదు గాని ఒక పైపు, వాడి జీతం పుస్తకం. ఆ పుస్తకంలో మొదటి పేజీలో రాసి ఉంది, మాలకీ ఫెన్నెసీ, చేరేనాటికి వయసు ఇరవై ఏళ్ల ఒక నెల.

హ్యానీ ఆ పేజీ చదివి పుస్తకం మూసేసి, పోస్టు తెచ్చిన అతనితో, "ఇది మా వాడిది కాదు. మా వాడికి అప్పటికి పదహారు. ఎవరో ఇరవై ఏళ్ల పిల్లవాడు పోయాడు పాపం, వాళ్లమ్మకి కబురు వెళ్లలేదు. ఇది వెనక్కి తీసుకెళ్లు" అంది. అతను తీసుకెళ్లలేదు. తర్వాత సమాధి నంబరుతో ఇంకో కాగితం వచ్చింది. అదీ ఆ తప్పులోంచి పుట్టినదే అంది. ఫాదర్ చెప్పినా, మా మామగారు చెప్పినా ఒకటే మాట. "నేను కన్నాను. వాడి వయసు నాకు తెలియదా?"

మా కాథలిక్కుల్లో నవంబరు వస్తే చనిపోయినవాళ్ల జాబితా రాస్తాం. ఇంటింటికీ ఒక కవరు. అందులో ఆ ఇంటి పోయినవాళ్ల పేర్లు రాసి పీఠం మీద పెడితే నెలంతా వాళ్ల కోసం పూజలు జరుగుతాయి. మా గుళ్లో కొత్తగా చేరిన పేర్లు మొదటి ఆదివారం పైకి చదువుతారు కూడా. ఆ కవరులో పేరు లేని ఆత్మ ఉత్తరించు స్థలంలో, అంటే పరలోకానికి ముందు పాపాలు కడుక్కునే చోట, తలుపు దగ్గర నిలబడి ఉంటుందని మా అమ్మ చెప్పేది. బతికున్నవాడి పేరు పొరపాటున రాస్తే ఏడాది తిరక్కుండా వాడు పోతాడనీ చెప్పేది. ఇప్పుడు చెప్పండి, హ్యానీ ఆ పేరు ఎలా రాస్తుంది?

ఆమె ఏం రాసేదో ఒకసారి కవరు అంటించకముందు చూశాను. చూపించలేదు, చూశాను. రెండు వరుసలు. మొదటిది మైకేల్ ఫెన్నెసీ. రెండోది, "బెల్జియంలో పడుకున్న ఇరవై ఏళ్ల అబ్బాయి, ఎవరి బిడ్డో."

హ్యానీ పందొమ్మిది వందల యాభై ఒకటి మార్చిలో పోయింది. పోయే ముందు డీలియా చెయ్యి పట్టుకుని, వాడే అని రుజువు దొరికే దాకా మాలకీ పేరు ఆ కవరులో రాయనని మాట తీసుకుంది. మంచం ఇటు పక్క నేనున్నాను, విన్నాను. ఆ తర్వాత పీపాలో రెమ్మలు మార్చే పని డీలియాకి వచ్చింది. పది రోజులకోసారి. వానైనా, మంచైనా. పెళ్లి కూడా చేసుకోలేదు ఆ పిల్ల. అడిగినవాళ్లకి, "ఇంత పెద్ద పీపాతో నన్నెవరు చేసుకుంటారు?" అనేది.

అరవై నాలుగు అక్టోబరులో డీలియా గోడ దగ్గరికి వచ్చి నన్ను పేరు పెట్టి పిలిచింది. కడుపులో ఏదో గడ్డ ఉందన్నారట. నవంబరు రెండో వారంలో వాటర్‌ఫర్డ్‌లో కోస్తారట.

"కోస్తే పోతుందిలే" అన్నాను.

"పోతే ఏది పోతుందో చెప్పలేదు నోనీ, గడ్డో నేనో." కొంచెంసేపు రాయి మీద నాచు గీకింది. "నేను పోతే వాడి పేరు రాసేవాళ్లుండరు. వాడుంటే వాడికి రెమ్మలు మార్చేవాళ్లూ ఉండరు. అక్కడున్నది మాలకీయో కాదో నువ్వు కనుక్కో."

"యాభై ఏళ్ల నాటి సంగతి నేనెలా కనుక్కోనే?"

"కిట్టీ వాల్ అల్లుడు రెండో ఇల్లు పెట్టిన సంగతి కిట్టీ కంటే ముందు కనుక్కున్నావు" అంది.

అదీ నిజమే.

మా ఊళ్లో మాలకీ చేరిన దళంలో పనిచేసి తిరిగొచ్చినవాళ్లలో బతికున్నది డింక్ హ్యాలీ ఒక్కడే. రేవు దగ్గర జీను కొట్టు మీది గదిలో ఉంటాడు. పందొమ్మిదిలో వాళ్లు తిరిగొచ్చేసరికి దేశం ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడి, ఊరి గాలి మారిపోయింది. ఇంగ్లీషు రాజు కోటు వేసుకున్నవాడికి ఎవరూ పని ఇవ్వలేదు, పలకరించలేదు. మా మామగారు కూడా వీధి దాటి అవతలి పక్క నడిచేవాడు. అలాంటి మనిషి నోరు విప్పాలంటే వట్టి చేతులతో వెళ్లకూడదు. పంది కాళ్లు మెత్తగా ఉడకబెట్టి, ఒక నల్ల బీరు సీసా తీసుకుని మెట్లెక్కాను.

"ఎవరు చచ్చారు?" అన్నాడు తలుపు తీసి.

"ఎవరూ చావలేదు. పంది కాళ్లు తెచ్చాను."

"నలభై ఐదేళ్లుగా ఈ ఊళ్లో నా కోసం ఎవరూ ఏమీ ఉడకబెట్టలేదు. ఏం కావాలి?"

"ముందు తిను."

"అయితే అడగబోయేది పెద్దదే" అని కూర్చున్నాడు.

సగం తిన్నాక మాలకీ పేరు చెప్పాను. వేళ్లు గుడ్డకి తుడుచుకున్నాడు.

"హ్యానీ పోయింది కదా. ఇప్పుడెందుకు?"

"ఆమె బతికుండగా నువ్వెందుకు చెప్పలేదు?"

"వెళ్లానమ్మా. వచ్చిన వారానికే వెళ్లాను. తలుపు తీసి నా భుజం మీదుగా వెనక్కి చూసింది. 'మా వాడిని వెంటబెట్టుకొచ్చావా?' అంది. లేదన్నాను. 'అయితే వాడొచ్చినప్పుడే రా' అని తలుపు వేసేసింది. మళ్లీ ఏ మొహంతో వెళ్లను?"

ఆ తర్వాత నేను అడగాల్సిన పనే లేకపోయింది.

"ఇరవై ఏళ్లని రాయించుకున్నాడు. కాగితం కూడా చూపించాడట. సార్జెంటు నమ్మాడో లేదో గాని కాగితాన్ని నమ్మాడు. గడ్డం గీసుకోవడం నేనే నేర్పాను, అక్కడ గీయడానికి ఏమీ లేకపోయినా. పైపు కూడా నేనే ఇచ్చాను, పెద్దవాడిలా కనిపిస్తాడని. పెట్టుకుంటే దగ్గు. మేమంతా 'బాబూ' అని పిలిచేవాళ్లం."

"ఎందుకు చేరాడు డింక్? ఇంట్లో తల్లి, చిన్న చెల్లెలు."

"అడిగాను. ఇక్కడ అందరూ ఎగువకి ఒకసారి, దిగువకి ఒకసారి పోతూ బతుకుతారు, నది చివర ఏముందో ఎవరూ చూడలేదు, నేను చూసొస్తాను అన్నాడు. చూసొస్తాను అన్నాడు, విన్నావా? పోతాను అనలేదు." సీసా మూత తీశాడు గాని తాగలేదు. "అక్కడ కూడా కాలవ గట్ల మీద సాలీ చెట్లే. ఫిరంగులు మోగుతుంటే మేము తలలు దాచుకునేవాళ్లం, వాడు చెట్లు చూసి తిట్టేవాడు. 'రెండేళ్లుగా ఎవడూ కత్తి పెట్టలేదు డింక్, చూడు ఎలా పాడుచేశారో' అని. వసంతంలో కొన్ని కోసి పళ్లతో తోలు తీసి మా రొట్టెలకి ఒక బుట్ట అల్లాడు, ఎలుకలకి అందకుండా వేలాడదీయడానికి. దాని అడుగున..."

"ఒక నల్ల పుల్ల" అన్నాను.

డింక్ నా వైపు చూశాడు. "నీకెలా తెలుసు?"

"వాళ్లింట్లో మేకుకి ఇంకా ఉంది."

కింద జీను కొట్లో సుత్తి చప్పుడు వినబడుతోంది.

"ఆఖరి రోజుల్లో ఒక కూలిపోయిన కొట్టంలో ఎవరో రైతు ఎండబెట్టి వదిలేసిన రెమ్మల కట్ట దొరికింది వాడికి. బంగారం దొరికినట్టు ఎత్తుకొచ్చాడు. గుండు పడిన గుంటలో నీళ్లుంటే అందులో నానేసి, పైన రాయి పెట్టాడు. వారం పడుతుంది అన్నాడు. వారం ఎక్కడిదిరా మనకి అని నవ్వాం. రెండో రోజు పొద్దున్నే ముందుకి నడవమన్నారు. వాడు నాకు ఎడమ పక్కన ఉన్నాడు. తర్వాత లేడు. అంతే నోనీ. ఇంకా ఏదో ఉంది, దాస్తున్నాననుకోకు."

హ్యానీ పెరట్లో పీపా సంగతి నీకు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. చెప్పాను. రాయి సంగతి కూడా చెప్పాను. అతను పళ్లెం పక్కకి జరిపి, లేచి వెళ్లి కిటికీ దగ్గర నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను ఇంకేమీ అడగకుండా మెట్లు దిగడం నా జన్మలో అదే మొదటిసారి.

అక్కడున్నది మాలకీయే. నాకిక అనుమానం లేదు. కాని డీలియాకి అది చాలదు. వాళ్లమ్మ పట్టుకు కూర్చున్నది బుట్టని కాదు, వయసుని. ఆ ఇరవై ఏళ్ల ఒక నెల ఎక్కడినుంచి వచ్చింది? అబద్ధం చెప్పేవాడు పందొమ్మిది అంటాడు, ఇరవై అంటాడు. ఒక నెల అని ఎవడంటాడు? పైగా కాగితం చూపించాడన్నాడు డింక్.

మర్నాడు గుడికి వెళ్లాను. ఫాదర్ హాసెట్ కొత్తగా వచ్చినవాడు, ముప్ఫై దాటి ఉండవు, మాట చాలా మెత్తగా ఉంటుంది గాని గుచ్చుతుంది.

"మా అత్తగారి జ్ఞానస్నానం తేదీ చూసుకోవాలి ఫాదర్, పాత పుస్తకాలు ఒకసారి..."

"మీ అత్తగారు పోయి పదేళ్లయిందని విన్నాను మిసెస్ మొరిస్సీ."

"పోతే మాత్రం, పుట్టకుండా పోలేదు కదా ఫాదర్."

ఆయన నవ్వు ఆపుకుని బీరువా తాళం తీశాడు. తను మాత్రం కదలకుండా అక్కడే కూర్చున్నాడు.

పద్దెనిమిది వందల తొంభై తొమ్మిది అక్టోబరులో దొరికాడు. మాలకీ, తండ్రి మైకేల్ ఫెన్నెసీ, తల్లి జోహానా, అంటే మన హ్యానీయే. పక్కన ఏమీ రాసి లేదు. అక్కడితో మూసేయాలి నిజానికి. కాని పుస్తకం చేతిలో ఉన్నాక వీధిలో ఎవరికి ఎంతమందో చూడకుండా ఎలా ఉంటాను? వెనక్కి తిప్పుతూ పోయాను. తొంభై ఆరు జనవరి దగ్గర వేలు ఆగిపోయింది.

మాలకీ. తండ్రి మైకేల్ ఫెన్నెసీ. తల్లి జోహానా. పక్కన చిన్న అక్షరాలతో, మృతి, ఏప్రిల్ తొంభై ఏడు.

పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టినవాడికి పెట్టడం మాలో మామూలే. మా అత్తగారి వైపు ఇద్దరు థామస్‌లు, ఒకడు పురిటిలోనే పోయాడు. కాని హ్యానీ ఈ బిడ్డ ఊసు ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తెలియకుండా ఉండదు. జనవరి తొంభై ఆరు నుంచి ఫిబ్రవరి పదహారుకి వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇరవై ఏళ్ల ఒక నెల.

బతికున్న తమ్ముడు, పోయిన అన్న కాగితం పట్టుకుని యుద్ధానికి వెళ్లాడు.

ఆ వరుస కిందే ఇంకో సిరాతో ఇంకో మాట ఉంది. చూపు ఆనని పాత గుమస్తా టోబిన్ వంకర రాత. "నకలు ఇచ్చాను, ఫిబ్రవరి 1916. చెల్లెలి చేతికి."

ఆ మాట రెండుసార్లు చదివాను. మాలకీకి చెల్లెలు ఒక్కతే.

"దొరికారా మీ అత్తగారు?" అన్నాడు ఫాదర్ హాసెట్.

"దొరికింది ఫాదర్. నేను వెతుకుతున్నది కాదు, వేరేది" అని బయటపడ్డాను.

డీలియా వంటింట్లో బల్ల మీద పిండి కలుపుతోంది. నవంబరుకి ఎండు ద్రాక్ష రొట్టె చేస్తోంది, ఆపరేషన్ ముందు పెట్టుకుని. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. డింక్ చెప్పింది, నల్ల పుల్ల, ఇద్దరు మాలకీలు. చివరి మాట దగ్గర మాత్రం నా నోరు ఆగింది.

"చెప్పు" అంది పిండి వైపే చూస్తూ. "చెల్లెలి చేతికి అని రాశాడా ముసలాయన?"

"రాశాడు."

"ఎన్ని రోజులు పట్టింది నీకు?"

"తొమ్మిది."

"వారంలో కనుక్కుంటావనుకున్నాను. ముసలిదానివైపోతున్నావు నోనీ."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పదేళ్లు కూడా నిండలేదు నాకు" అంది. "ఒక చీటీ మీద సంవత్సరం రాసిచ్చి, ఇది టోబిన్‌కి ఇచ్చి కాగితం పట్టుకురా అన్నాడు. నేనే వెళ్తే ఎందుకని అడుగుతాడు, చిన్నపిల్లవి, నిన్నడగడు అన్నాడు. దేనికి అంటే, ఎవరికీ చెప్పనని చెప్పు, అప్పుడు చెప్తాను అన్నాడు. చెప్పనన్నాను. అప్పుడూ చెప్పలేదు వెధవ. బొమ్మకి ఉయ్యాల అల్లిపెడతానన్నాడు. అల్లాడు కూడా. ఆ జీతం పుస్తకం వచ్చి, అందులోని వయసు అమ్మ పైకి చదివినప్పుడు తెలిసింది నాకు దేనికో."

"మరి హ్యానీకి..."

"ఎలా చెప్పను? ఆ తప్పు ఒక్కటే అమ్మకి మిగిలింది. నేను నోరు విప్పితే వాడు చచ్చిపోతాడు. విప్పకపోతే పెరట్లో రెమ్మలు నానుతుంటాయి. రేపు చెప్దాం, ఈస్టర్ అయ్యాక చెప్దాం అనుకుంటూ ముప్ఫై మూడేళ్లు అయిపోయాయి. తర్వాత మంచం మీద నా చెయ్యి పట్టుకుని రుజువు అడిగింది. రుజువు నేనే కదా నోనీ. నేనే అక్కడ కూర్చుని ఉన్నాను."

"అన్నీ తెలిసినదానివి నన్ను ఊరంతా ఎందుకు తిప్పావే?"

"వాడికి మాటిచ్చాను, నా నోటితో చెప్పనని. నువ్వు కనుక్కుంటే నేను చెప్పినట్టు కాదు." పిండి మీద గుడ్డ కప్పింది. కప్పాక చాలాసేపు ఆ గుడ్డ అంచులు సర్దుతూనే ఉంది. "ఇంకోటి కూడా ఉంది. నువ్వు మహా తెలివైనదానివి కదా. ఏమో, నాకు తెలిసింది తప్పని కనుక్కుంటావేమో అనుకున్నాను. వాడు ఆ కాగితం ఇంకెవడికో అమ్మేసి ఏ అమెరికానో పోయాడని పట్టుకొస్తావేమోనని. ఈ తొమ్మిది రోజులూ నువ్వు గేటు తీసినప్పుడల్లా చూశాను."

లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టాను.

టీ తాగుతుండగా అడిగాను, అడగకుండా ఉండలేక. "హ్యానీకి నిజంగా తెలియదంటావా? పెద్దబిడ్డని కన్నది ఆవిడే కదా. ఏడాది లెక్కపెట్టుకోలేదా?"

డీలియా కప్పు కింద పెట్టింది. "ఒకసారి, నేను పనిలో చేరిన కొత్తలో, అమ్మ ఆ జీతం పుస్తకం తీసి చూస్తోంది. 'ఉండుంటే అప్పటికి వాడికీ ఇరవయ్యే' అంది. ఎవరికమ్మా అన్నాను. ఏం లేదు అని పుస్తకం మూసి, వెళ్లి రెమ్మలు మార్చింది. మార్చాల్సిన రోజు కూడా కాదు అది."

ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఇద్దరూ తెలిసి ఒకరికోసం ఒకరు తెలియనట్టు బతికారు. గోడకి ఇవతల చెవి పెట్టుకుని కూర్చున్న నాకే తెలియలేదు.

ఆ సాయంత్రం కవరు బల్ల మీద పెట్టుకున్నాం. డీలియా మైకేల్ రాసింది, జోహానా రాసింది. తర్వాత కలం పట్టుకుని ఆగిపోయింది.

"ఇన్నేళ్లు వాడిని తలుపు దగ్గర నిలబెట్టాను" అంది.

అప్పుడు నేను ఆ దొంగచూపు సంగతి ఒప్పుకోవాల్సి వచ్చింది. హ్యానీ ప్రతి నవంబరూ ఏం రాసేదో, బెల్జియంలో పడుకున్న ఆ ఇరవై ఏళ్ల అబ్బాయి గురించి, చెప్పాను. డీలియాకి ఆ సంగతి తెలియదు. కవరు ఎప్పుడూ తల్లే అంటించేదట.

"రాసేదా? ఏటేటా?"

"నేను చూసింది ఒక్క ఏడే. కాని మీ అమ్మ ఏ పనీ ఒక్క ఏడు చేసి వదిలేసే మనిషి కాదు."

తర్వాత ఫాదర్ హాసెట్‌కి కూడా ఇది చెప్పి, ఆ పూజలు వాడికి చెందినట్టేనా అని అడిగాను. ఆయన ఆలోచించి, "పేరు లేదు గాని చిరునామా సరిగ్గానే రాసింది మిసెస్ మొరిస్సీ. చేరే ఉంటాయి" అన్నాడు. అప్పటినుంచి ఆ కుర్రాడంటే నాకు గౌరవం.

డీలియా రాసింది. మాలకీ ఫెన్నెసీ. దాని కింద మళ్లీ, మాలకీ ఫెన్నెసీ.

"పసిబిడ్డకి జాబితా అక్కర్లేదే, వాడు నేరుగా పరలోకానికి వెళ్లిపోయాడు" అన్నాను.

"తెలుసు. కాని మావాడు వెళ్లింది వాడి కాగితం మీద. అక్కడ కూడా పేరు అడిగితే తికమక పడకూడదు. ఇద్దరినీ కలిపే పిలవనీ."

మొదటి ఆదివారం గుడి నిండా జనం, తడి కోట్ల వాసన. డింక్ హ్యాలీ వచ్చాడు. నలభై ఐదేళ్లలో అతను పెద్ద పూజకి రావడం ఎవరూ చూడలేదు. తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. డీలియా వెనక్కి తిరిగి చూసి, జరిగి, పక్కన చోటు చూపించింది. అతను వచ్చి కూర్చున్నాడు.

ఫాదర్ పేర్లు చదువుతూ వచ్చాడు. "మాలకీ ఫెన్నెసీ" అన్నాడు. ఆగాడు. "మాలకీ ఫెన్నెసీ" అన్నాడు.

నా వెనక వరుసలో కిట్టీ వాల్ పక్కావిడతో గుసగుసలాడింది. "అప్పుడే చూపు పోయింది ఈయనకి. చదివిందే చదువుతున్నాడు. టోబిన్ కంటే అన్యాయం."

డీలియా తల తిప్పలేదు. "సరిగ్గానే చదివాడు కిట్టీ" అంది, అందరికీ వినబడేట్టు. "మాకు ఇద్దరు."

ఇంటికి వచ్చాక ఇద్దరం పెరట్లోకి వెళ్లాం. డీలియా రాయి తీసి, కట్ట పైకి లాగి, నీళ్లు మొక్కల్లోకి వంపేసింది. పీపా అడుగున నలభై ఏడేళ్ల మడ్డి. ఆ కట్ట అప్పటికి సరిగ్గా ఎనిమిది రోజులు నానింది, వేలికి చుట్టుకునేంత మెత్తగా ఉంది. పారేయడానికి చేతులు రాలేదు తనకి. డింక్‌కి ఇచ్చింది. అతనికి అల్లిక రాదు. అయినా తీసుకున్నాడు. చలికాలమంతా కూర్చుని ఏదో అల్లాడు. అది బుట్టో, పిట్టగూడో ఇప్పటికీ నేను చెప్పలేను. అడుగున నల్ల పుల్ల మాత్రం ఉంది.

డీలియా వాటర్‌ఫర్డ్ నుంచి తిరిగొచ్చి ఇంకా రెండేళ్లు బతికింది. పీపాని బోర్లించి ఎండ పూట దాని మీద కూర్చునేది. పదో రోజు వచ్చేసరికి మాత్రం లేచి పెరట్లో తిరిగేది, ఏదో మరిచిపోయినట్టు. నేను గోడ మీదుగా, "ఏమే, ఏం వెతుకుతున్నావు?" అంటే, "ఏం లేదు, చేతులకి పని లేదు" అనేది.

ఇప్పుడు వాళ్ల కవరు కూడా నేనే రాస్తున్నాను. మైకేల్, జోహానా, మాలకీ, మాలకీ, డీలియా. పోయిన ఏడు వాటి కింద డింక్ పేరు చేర్చాను, అతనికీ రాసేవాళ్లు లేరు కాబట్టి. రాస్తూ రాస్తూ రెండో మాలకీ దగ్గర ప్రతిసారీ నా చెయ్యి ఆగుతుంది. గోడకి అవతల నుంచి గేటు చప్పుడు వినబడుతుందేమోనని ఒక్క క్షణం వింటాను. తర్వాత రాస్తాను.